నలభై రెండో పువ్వు

అనగనగా ఒక అడవిలో, వైశాఖ శుద్ధ దశమి, గురువారం, పొద్దు గూకడానికి ఇంకా రెండు గడియలుందనగా, పేరిందేవి అనే ముళ్ళపంది ఒక బండ మీద పువ్వులు లెక్కపెడుతోంది. నలభై ఒకటి. నిన్నా నలభై ఒకటే. మొన్నా అంతే.

ఆ బండ సంగతి ముందు చెప్పాలి నాన్నా. ఆ అడవిలో ఒక్కో ఇంటివాళ్ళకి ఒక్కో కబుర్ల బండ ఉండేది. చెప్పదలుచుకున్నది రోజూ అక్కడ నిలబడి చెప్పేవారు. విని నచ్చినవాళ్ళు బండ మీద ఒక పువ్వు పెట్టి వెళ్ళేవారు. పేరిందేవి వాళ్ళది విస్తళ్ళ కంపెనీ. మోదుగాకులు ఏరుకొచ్చి, తమ ముల్లునే సూదిగా చేసుకుని కుట్టేవారు. విస్తళ్ళు తీసుకున్నవాళ్ళు బదులుగా దుంపలో గింజలో ఇచ్చేవారు. ఇల్లు వాటితోనే గడిచేది.

కబురు చెప్పేది అత్తగారు వెంకాయమ్మ. ఆవిడ పద్ధతి ఆవిడది. వనదేవతకి దణ్ణం పెట్టేది. తమ ఏడు తరాల పెద్దల పేర్లు వరసగా చెప్పేది. ఎవరు ఏ కుట్టు కనిపెట్టారో చెప్పేది. ఆఖరికి విస్తళ్ళ మాట ఎత్తేది. ఆ నలభై ఒక్కరూ చుట్టాలూ, ఇరుగుపొరుగులూ. వాళ్ళకది ఎన్నిసార్లు విన్నా తీపే. దారిన పోయే కొత్తవాళ్ళు మాత్రం మూడో తరం దాకా ఆగేవారు కాదు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ నలభై ఒక్కరి ఇళ్ళలోనూ విస్తళ్ళు నిండుగా ఉన్నాయి. మళ్ళీ కావాలనేవారు లేరు. కుట్టినవన్నీ బొరియలో కప్పు దాకా పేరుకున్నాయి. వానలొస్తే బూజు పట్టిపోతాయి.

"తొలకరి లోపల ఇవి కదలకపోతే కుట్టుపని మానేద్దాం. మనుషుల వేరుశనగ చేలున్నాయిగా, అక్కడికి పోదాం" అన్నాడు పెనిమిటి గవరయ్య.

అక్కడ ఉచ్చులు పెడతారని పేరిందేవికి తెలుసు. గవరయ్యకీ తెలుసు. 

"మనం గట్టిగా చెప్పడం లేదు, అదీ లోపం" అంది వెంకాయమ్మ. శుక్రవారం నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడు పూటలా కబురు మొదలుపెట్టింది. గొంతు కూడా పెంచింది.

రెండో రోజు మధ్యాహ్నం పక్కింటి తాబేలు తల బయటపెట్టింది. "వదినా, మీ ఏడు తరాలూ నాకు కంఠతా వచ్చేశాయి. కావాలంటే రేపు నేనే చెబుతాను. ఇవాళ్టికి కునుకు తియ్యనివ్వు తల్లీ" అంది.

ఆ సాయంత్రం పువ్వులు ముప్ఫైనాలుగే వచ్చాయి.

ఆదివారం నాడు ఒక నక్కబావ వచ్చాడు. "రెండు గంపల దుంపలిప్పించండి పిన్నిగారూ. చీకటి పడేలోగా మీ బండ మీద మూడు వందల పువ్వులుంటాయి" అన్నాడు. వెంకాయమ్మ ఇచ్చింది. అన్నట్టే పువ్వులు కుప్పగా పడ్డాయి. ఆవిడ మురిసిపోయింది. పేరిందేవి మాత్రం గుప్పెడు తీసి చూసింది. అన్నీ కానుగ పూలే.

"పైనున్న చెట్టు కుదిపేసి పోయాడు అత్తయ్యా. ఇవి పెట్టినవాళ్ళెవరూ లేరు" అంది.

"ఎలా వస్తేనేం, నిండుగా ఉందిగా బండ" అంది అత్తగారు.

బండ నిండింది. బొరియలోంచి ఒక్క విస్తరీ కదల్లేదు.

సోమవారం పేరిందేవి నీళ్ళకని ఏటికి వెళ్ళింది. మనసు మనసులో లేక, ఎన్నడూ వెళ్ళని అవతలి రేవు దాకా నడిచింది. అక్కడ గంగరత్నం అనే నీటిపిల్లి ఒక తామరాకుని విసిరికొట్టి మళ్ళీ తెచ్చుకుంటోంది.

"ఏమ్మా, ఆకు మీద అంత కోపం దేనికి?" అని అడిగింది పేరిందేవి.

"కోపం కాదక్కా, కడుపుమంట. రేపు పున్నమికి ఏటితల్లికి పరమాన్నం పెట్టాలి. మా రేవులో అందరం తామరాకులోనే పెడతాం. పెట్టడమే తడవు, ఇసకలోకి జారిపోతుంది. నిరుడు అమ్మవారికంటే చీమలకే ఎక్కువ ముట్టింది."

మా ఏడు తరాలవాళ్ళు అనే మాట పేరిందేవి నాలిక చివరి దాకా వచ్చింది. ఆగింది. ఈవిడకి మా తరాలతో ఏం పని, పరమాన్నం నిలిస్తే చాలు కదా అనుకుంది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"రెండాకులు ఒకదాని మీద ఒకటి వెయ్యి. అంచు నాలుగు చోట్ల పైకి మడిచిపెట్టు. మడత మీద ఈ ముల్లుతో పొడిచి, గడ్డిపుల్ల దూర్చు."

తన ముల్లు ఒకటి పీకి ఇచ్చింది. రెండు ఆకులు చిరిగాయి. మూడోసారికి చక్కని దొన్నె తయారైంది. గంగరత్నం అందులో నీళ్ళు పోసి, కళ్ళార్పకుండా చూసింది. చుక్క జారలేదు.

"నీకేమివ్వనక్కా?"

"రేపు ఏటితల్లికి మా ఇంటి పేరున ఒక దణ్ణం పెట్టు."

సంగతి విని వెంకాయమ్మ కూలబడింది. "ఇంటి విద్య తీసుకెళ్ళి ఏట్లో కలిపొచ్చావా? అందరూ నేర్చుకుంటే ఇక మన గడప ఎవరు తొక్కుతారు?"

"చూస్తూ ఊరుకోలేకపోయాను అత్తయ్యా."

అత్తగారు రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. గంజి కావాలంటే దగ్గేది.

పున్నమి నాడు గంగరత్నం తమ రేవులోని కబుర్ల బండ ఎక్కింది. తన మాటల్లో తనే చెప్పింది. "అవతల ముళ్ళపందమ్మ ఉంది. నా గోడు విని, దగ్గర కూర్చుని నేర్పింది. ఈ ఏడు చీమలకి పస్తే." ప్రసాదానికొచ్చిన కొంగలూ, నీటికోళ్ళూ, కుందేళ్ళూ నవ్వాయి. దొన్నెని అటూ ఇటూ తిప్పి చూశాయి.

బుధవారం తెల్లవారేసరికి ముళ్ళపందుల బండ ముందు ఒక కొంగ నిలబడి ఉంది. తడి ఆరని కలువ ఒకటి బండ మీద పెట్టింది. కానుగ పూలు ఊడ్చేశారు, అత్తగారు గొంతు తగ్గించడంతో నొచ్చుకున్న ఏడుగురూ నిన్ననే తిరిగొచ్చి పువ్వులు పెట్టారు, కాబట్టి అది నలభై రెండో పువ్వు.

"దొన్నె నేర్పిన ఆవిడ ఇల్లు ఇదేనా? నేనూ కుట్టబోయానమ్మా. నా ముక్కు పొడుగుకి ఆకు నిలువునా చీలింది. మీరే కుట్టి ఇవ్వండి" అంది.

కొంగ వెనక నీటికోళ్ళు వచ్చాయి. వాటి వెనక కుందేళ్ళు వచ్చాయి. కుందేళ్ళ ఇంట్లో పెళ్ళి, బంతికి విస్తళ్ళు కావాలన్నాయి. పెళ్ళంటే కుందేళ్ళ పెళ్ళి మరి, బంధువులకి లెక్కేముంది? సాయంత్రానికి బొరియ వెనక గోడ కనిపించింది. బండ మీద కలువలూ, తుమ్మపూలూ, పేరు తెలియని పూలూ చేరాయి. గవరయ్య చేల మాట ఎత్తలేదు. మోదుగాకులకి ఎటు వెళ్ళాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"ఇంత మంచి పని మీకెవరు నేర్పారు మామ్మగారూ?" అని ఒక కుందేలు అడిగింది. వెంకాయమ్మ గొంతు సవరించుకుంది. ఏడు తరాలూ చెప్పింది. కుందేలు చివరి దాకా కూర్చుని విన్నది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారే నోరు విప్పింది.

"కోడలా, కొండ అవతల జింకలు దేంట్లో తింటాయి?"

"తెలీదు అత్తయ్యా."

"నాకూ తెలీదు. ఇన్నేళ్ళొచ్చాయి, ఎన్నడూ అడగలేదు."

మర్నాడు పొద్దున్నే స్నానాలు చేసి, వనదేవత ముందు దీపం పెట్టి, ముగ్గురూ బయల్దేరారు. విస్తళ్ళు వెంట తీసుకెళ్ళలేదు. జింకల గూడెంలో అందరికంటే వెనక, నేల మీద కూర్చున్నారు. ఒక ముసలి జింక తన ఇంటి బాధ ఏదో చెప్పుకుంటోంది. వెంకాయమ్మ మెల్లగా ముందుకి జరిగింది.

"ఊ, చెప్పు తల్లీ. ఆ తర్వాతేమైంది?" అంది.

నీతి: కొత్తవాళ్ళు మన మాట వినాలంటే గొంతు పెంచితే చాలదు, ముందు మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ అవసరం విని, చేతనైన మేలు చెయ్యాలి.