నల్లబండికి గంధం రంగు

మస్తాన్ వలీ మేస్త్రి రంగుల షెడ్డుకి తెల్లచొక్కా తొడుక్కుని వచ్చేవాడు. పొద్దున ఎంత తెల్లగా వచ్చేదో ఆ చొక్కా సాయంత్రం అంత తెల్లగానూ ఇంటికి వెళ్ళేది. చిలకలూరిపేట రోడ్డు వెంబడి కార్లకు రంగులు వేసే షెడ్లు చాలానే ఉన్నా, తెల్లచొక్కాతో రంగు చిమ్మే గన్ను పట్టే ధైర్యం ఆయన ఒక్కడిదే. "ఎందుకు సాయిబూ అంత టెక్కు?" అని పక్క షెడ్లవాళ్ళు ఎకసెక్కమాడితే నవ్వి ఊరుకునేవాడు. ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పడు. "చేతిలో పని కానివ్వు, అదే చెబుద్ది" అంటాడు. పని చెప్పకపోతేనే తాను నోరు విప్పుతాడు.

కోటిలింగం ఆయన దగ్గర చేరి చాలా ఏళ్ళయింది. పెళ్ళీ పిల్లలూ ఉన్న మనిషి. కడగడం, రుద్దడం, రంగు కలపడం, గన్ను పట్టడం అన్నీ వచ్చినా, ఒక బండిని మొదటినుంచి చివరిదాకా తన చేతిమీద నడిపింది లేదు. ఆ షెడ్డుకో కట్టుబాటు ఉంది. బండి ఎవరు చేస్తే వాళ్ళే సొంతదారుకు తాళం అందించాలి. అందించే ముందు సొంతదారు వేలుపెట్టి చూపిన చోట జిగురుటేపు గట్టిగా అంటించి, వాళ్ళ కళ్ళెదుటే చర్రున లాగాలి. టేపు రంగు అంటకుండా ఒట్టిగా ఊడొస్తే పని గట్టిదన్నట్టు. అలా తాళం ఇచ్చిన రోజునుంచీ ఆ మనిషిని అందరూ 'మేస్త్రీ' అని పిలుస్తారు. అంతవరకూ ఎంత పనిమంతుడైనా 'ఒరే' యే.

ఒకనాడు కోటిలింగం గురువు దగ్గరికొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "మేస్త్రిగారూ, నిన్న రామాలయంలో పురాణం చెప్పే అయ్యగారు గర్వమే మనిషికి మొదటి శత్రువన్నారు. నాకు పని కుదిరితే చాలు, ఛాతీ పొంగుద్ది. వచ్చేపోయేవాళ్ళంతా ఆగి చూడాలనిపిస్తది. అది తప్పయితే అణుచుకునే దారేదో చెప్పండి."

మస్తాన్ వలీ గన్ను మూతి తుడుస్తూ, "రిబ్కమ్మగారి బండి వచ్చింది. మొత్తం నువ్వే చెయ్యి. చేశాక అడుగు" అన్నాడు.

రిబ్కమ్మ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ తరవాతే పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుని, ఒక పాతకారు కొనుక్కుంది. బయట ఎర్రగా ముచ్చటగా ఉన్నా, లోపలి ప్లాస్టిక్ అంతా బొగ్గునలుపు. "ఈ ఎండలకి కుంపట్లో కూర్చున్నట్టుందయ్యా" అందామె. "పైగా అద్దంకిలో మా చెల్లెలు దీన్ని ఫొటోలో చూసి, 'బొగ్గులబట్టీ కొన్నావా అక్కా' అంది. ఆదివారం దాని మనవరాలికి బాప్తిస్మం. నా బండి నేనే తోలుకుంటూ పోయి దాని గుమ్మంలో ఆపాలి. అప్పటికి లోపలంతా గంధం రంగు తిరగాలి. ఆ నోరు మూయించాలి."

లేతరంగు మీద నలుపు ఎవరైనా వేస్తారు. నలుపు మీద గంధం నిలపడం పనివాడికి పరీక్ష. అందులోనూ ప్లాస్టిక్ రంగును ఓ పట్టాన దగ్గరికి రానివ్వదు. ఆ బండి పాత యజమాని మెరుపు కోసం ఏళ్ళ తరబడి పాలిష్ నూనె రుద్దించాడు. ఆ జిడ్డు పిసరు మిగిలినా పైన వేసిన పొర కుబుసంలా ఊడిపోతుంది. కోటిలింగం ముక్కముక్కా విప్పి సబ్బునీళ్ళతో తోమాడు. మెరుపు చచ్చేదాకా గరుకు వాటర్ పేపరుతో రుద్దాడు. రంగు పట్టుకునేలా ప్లాస్టిక్‌కు ముందుగా వేసే ప్రైమరు పూత పట్టించి, దానిమీద గంధం రంగును మంచు కురిసినట్టు పల్చగా, ఆరనిచ్చి ఆరనిచ్చి పొరలు వేశాడు. ముందు అద్దం కిందుండే డాష్‌బోర్డు పైభాగాన్ని మాత్రం నల్లగానే ఉంచాడు. అక్కడ లేతరంగు వేస్తే ఎండలో దాని నీడ అద్దం మీద పడి దారి కనబడదు.

శనివారం పొద్దున ముక్కలన్నీ బిగించాడు. చివరగా ఎడమపక్క ముందు తలుపుకి, లోపలినుంచి లాగి వేసుకునే పిడి ఉంటుందే, దాని అంచున రంగు చిందకుండా వేసిన టేపును తీశాడు. దాంతోపాటు ఆవగింజంత రంగు లేచొచ్చింది. పిడి లోపలి గాడి అది. వేళ్ళు దూర్చి పట్టుకునే చోటు. పాలిష్ నూనె దిగి పేరుకునేదీ అక్కడే. కడిగేటప్పుడు బ్రష్షు అంత లోపలికి పోలేదు, తానూ పట్టుబట్టి తోమలేదు. కోటిలింగం అటూ ఇటూ చూసి, సన్నకుంచెతో ఒక్క చుక్క పెట్టాడు. మచ్చ మాయమైంది. ఇక ఎంతటి కన్నయినా దాన్ని పోల్చలేదు.

కాసేపటికి రిబ్కమ్మ వచ్చింది. తలుపు తీసి లోపలికి తొంగిచూసి గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఓరి నా తండ్రో, ఇది నా బండేనా! పెళ్ళికూతురికి నలుగుపెట్టి కూర్చోబెట్టినట్టుందయ్యా!" అంది. సీట్లో కూర్చుని ఒక్కొక్క ముక్కా నిమిరింది. "మరి ఈ పైది వదిలేశావే?" అని అడిగి, కారణం విన్నాక, "అమ్మో, బుర్రున్నోడివే" అని మెచ్చుకుంది. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి చుట్టూ మూగారు. కోటిలింగానికి ఛాతీ పొంగింది. ఆ పొంగులో ఆవగింజ మాట మరుగున పడింది.

మస్తాన్ వలీ టేపు అందించాడు. రిబ్కమ్మ తన ఎదురుగా, స్టీరింగు పక్కనున్న చిన్న అర మూత చూపించింది. కోటిలింగం టేపు అంటించి, గోటితో నొక్కి, చర్రున లాగాడు. టేపు ఒట్టిగా వచ్చింది. మూగినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"తాళం ఇవ్వు మేస్త్రీ" అన్నాడు మస్తాన్ వలీ.

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషి. వింటే ఎలా ఉంటుందో కలగన్న మనిషి. తీరా విన్నాక ఛాతీ పొంగలేదు. తాళం చేతిలో ఉంది, రిబ్కమ్మ చెయ్యి చాచింది, అతని చెయ్యి ముందుకు పోదు. "ఒక్క నిమిషం అమ్మా" అని కారును చుట్టి అవతలికి వెళ్ళాడు. ఎడమ తలుపు తెరిచి, పిడి గాడిలో టేపు అంటించి లాగాడు. గంధం పొర తమలపాకు ఈనెలా చీలి ఊడొచ్చింది. దాని వెనక నలుపు నవ్వింది.

రిబ్కమ్మ భగ్గుమంది. "నిన్నెవరు లాగమన్నారయ్యా? నేను చూపించిన చోట నిలబడిందిగా! నీ నోరు నువ్వు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? తెల్లారితే చర్చిలో ఉండాలి నేను!"

"మీ చెల్లెలు మీ పక్కన కూర్చుని తలుపు వేసుకునేది దాంతోనేనమ్మా" అన్నాడు కోటిలింగం. "నాలుగుసార్లు లాగితే గంధం పోయి బొగ్గు బయటపడుద్ది. 'ఎవడు చేశాడక్కా ఇది' అంటది. మీరు నా పేరు చెబుతారు. ఆ మాట నాకు అద్దంకి నుంచి ఇక్కడికి వినబడుద్దమ్మా."

రిబ్కమ్మ అతని మొహంలోకి చూసింది. "ఎంతసేపు పడుద్ది?" అంది. "జిడ్డంతా తీసి మళ్ళీ వెయ్యాలి. ఆరాలి. రేపటికి కాదమ్మా." ఆమె విసురుగా రోడ్డుదాకా నడిచింది. అక్కడే కాసేపు నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"బస్సులో పోతాను. తిరిగొచ్చేటప్పుడు ఆ మహాతల్లిని కూడా వెంటబెట్టుకొస్తా. ఈ షెడ్డులోనే దానికి బండి చూపిస్తా. టేపు ఎక్కడ అంటించాలో ఈసారి అది చెబుద్ది. దానికి వంకలు పెట్టడంలో పెద్ద పేరుంది, చూసుకో."

"బండి కిందికి దూరి చెప్పినా సరేనమ్మా" అన్నాడు కోటిలింగం.

"సిద్ధంగా ఉంచు మేస్త్రీ" అని ఆమె వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు మస్తాన్ వలీ మొహం వంక చూశారు. ఆయన ఆ పిలుపును సరిదిద్దలేదు.

మధ్యాహ్నం కోటిలింగం పిడి విప్పి సబ్బునీళ్ళ తొట్టిలో ముంచి, పళ్ళు తోముకునే పాతబ్రష్షుతో గాడి లోపల తోముతున్నాడు. గురువు వచ్చి పక్కన నిలబడేసరికి, తల ఎత్తకుండానే అన్నాడు. "గర్వం సంగతి అడిగాను గదా మేస్త్రిగారూ. మీరింక చెప్పక్కర్లేదు లెండి. ఇవాళ పూర్తిగా అణిగిపోయింది. అంతమందిలో నా తప్పు నేనే చూపించుకుని తలదించుకున్నా."

"తలదించుకున్నావా? నేను చూడలేదే" అన్నాడు మస్తాన్ వలీ. "సరే గాని, రెండోసారి టేపు అంటించమని నీతో ఎవరు చెప్పారు?"

కోటిలింగం బ్రష్షు ఆపి ఆలోచించాడు. "ఎవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పకుండా చేతిదాకా వచ్చిన తాళం పట్టుకుని బండి చుట్టూ తిరిగి వెళ్ళవు. లోపల ఎవడో ఉన్నాడు. అద్దంకి మాట ఇక్కడికి వినబడుద్దన్నావే, ఆ వినేవాడెవడో ముందు కనుక్కో. వాణ్ణి అణచాలో, అన్నంపెట్టి సాకాలో అప్పుడు మాట్లాడుకుందాం" అని, మేస్త్రి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.