అంగారకుడి ఇంట్లో జమీలా

అనగనగా కంకర మిల్లుల మధ్య ఒక ఊరుందిరా కన్నా. ఆ ఊరి బడిలో స్వరూప అని ఒక పిల్ల. దాని ప్రాణస్నేహితురాలు జమీలా.

ఒకనాడు సైన్సు చెప్పే ఇన్నయ్య సారు, "అంగారక గ్రహం మీద మనుషులు బతకడానికి ఒక ఇల్లు కట్టి చూపించాలి. పోటీలో నెగ్గితే మన బడి పేరు జిల్లా అంతా మోగిపోతుంది" అన్నాడు. అక్కడ మనం పీల్చే గాలి ఉండదట. అందుకని ఇంట్లో గాలి కొంచెం కూడా బయటికి పోకూడదట.

పిల్లలు ముందు వెదురు బద్దలకు టార్పాలిన్ చుట్టి కట్టారు. గాలిదుమారం ఎత్తుకుపోయింది. ఆ తర్వాత మట్టిగోడలు పెట్టారు. వానకి కరిగిపోయాయి. అప్పుడు బావిలో దించే సిమెంటు ఒరలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పైన బండ మూసి, ఒక పక్క తొలిచి చెక్క తలుపు బిగించారు. అది నిలిచింది.

దాన్ని చూసి మార్కులెయ్యడానికి జిల్లా నుంచి పెద్దసార్లు వచ్చే రోజు రానే వచ్చింది. లోపల ఎవరు కూర్చుంటారంటే జమీలా "నేనే, నేనే" అని గెంతింది. దాన్ని లోపల కూర్చోబెట్టి, తలుపు సందులన్నీ తారుతో పూడ్చేశారు.

పొద్దెక్కింది. పెద్దసార్ల జాడ లేదు. ఒరలు ఎండకి కాలిపోతున్నాయి. అప్పుడు లోపల్నించి టక్ టక్‌మని చప్పుడు.

"సారూ, జమీలా తలుపు కొడుతోంది" అంది స్వరూప.

"కాసేపు ఓర్చుకోమను. పెద్దసార్ల జీపు మలుపు దాకా వచ్చేసిందట. ఇప్పుడు తెరిస్తే పడ్డ కష్టమంతా మట్టిపాలే."

మళ్ళీ చప్పుడు. ఈసారి మెల్లిగా. స్వరూప గోడకి చెవి ఆనించింది. మూడో చప్పుడు కోసం చూసింది. రాలేదు.

ఇంకెవర్నీ అడగలేదు స్వరూప. గునపం తెచ్చి తలుపుని పొడిచింది. సారు చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని మళ్ళీ పొడిచింది. చెక్క విరిగింది.

జమీలా పెదాలు నేరేడు పండంత నల్లగా ఉన్నాయి. స్వరూప దాన్ని బయటికి లాగి ఒళ్ళో వేసుకుంది. "ఊపిరి తియ్యవే జమీలా, తియ్యవే" అని ఏడ్చింది. ఎంతసేపటికో ఒక్క దగ్గు వచ్చింది. జీపు అప్పుడొచ్చింది. అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

బతికిందిలే కన్నా. కానీ మునుపటి జమీలా తిరిగి రాలేదు. మాట తడబడేది. తన పేరు రాయడం మళ్ళీ మొదట్నించీ నేర్చుకుంది. ఇన్నయ్య సారు జమీలా వాళ్ళింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టలేక వెనక్కి వెళ్ళిపోయాడు.

తలుపు మూస్తే చాలు, జమీలా కేకలు పెట్టేది. చివరికి వాళ్ళమ్మ ఇంటి తలుపే ఊడదీయించింది. "తలుపు లేని ఇంట్లో పిల్లని పెట్టుకుని ఎట్లా పడుకునేది?" అని ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, స్వరూప తన చాప తెచ్చి ఆ గడపకి అడ్డంగా పరిచింది.

కథ వెళ్ళె కంచికి,
మనం ఒరిగాం మంచానికి,
నిద్ర వచ్చె కంటికి.