అసిరమ్మ కాల్చిన తేనెదుంగ

కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, అనగా అనగా ఒక గూడెం. ఆ గూడెంలో చెట్టుదుంగల్ని లోపల తొలిచి, చూరుకు వేలాడగట్టి, తేనెటీగల్ని పెంచేవాళ్ళు.

అక్కడ అసిరమ్మ అని ఒకామె. మొగుడు పోతూ పోతూ తను తొలిచిన దుంగ ఒక్కటి మిగిల్చాడు. అందులో తేనే ఆమెకు ఉప్పు, గంజి, కోక. దుంగ ఖాళీగా ఉన్నప్పుడు లోపల చెయ్యి పెడితే ఆయన తొలిచినప్పటి బాడిస గాట్లు గరుగ్గా వేళ్ళకు తగిలేవి.

ఒక ఏడు ఈగలకు తెగులొచ్చింది. తేనెపట్టులోనే పిల్లపురుగులు కుళ్ళి, పుల్లటి కంపు. గూడెంలో దుంగలన్నీ ఖాళీ అయ్యాయి. అయినా ఎవరూ పాత మైనం గీకలేదు. మైనం వాసనకే కొత్త ఈగలొస్తాయని వాళ్ళ నమ్మకం. నిజమే, వచ్చేవి. వచ్చి చచ్చేవి.

అసిరమ్మ తన దుంగను ఏటినీళ్ళతో కడిగింది. ఈగలొచ్చాయి, చచ్చాయి. ఎండలో పెట్టింది. ఈగలొచ్చాయి, చచ్చాయి. మూడోసారి దుంగ ముందు ఊరికే కూర్చుంది.

తోడికోడలు గంగులమ్మ వచ్చింది.

"ఏంటక్కా, దుంగతో మాటలా?"

"పెరుగు తీగ సాగితే కుండనేం చేస్తావే?"

"పొయ్యి మీద కాలుస్తాను."

"మరి దీన్నో?"

"పోయినోడి చేతిపనికి నిప్పు పెడతావా? ఆయన్ని ఒకసారి కాల్చింది చాల్లేదా?"

అసిరమ్మ లేచింది. మైనమంతా గీకి గోతిలో పూడ్చింది. ఎండుగడ్డి వెలిగించి దుంగలోకి తోసింది. దుంగ అంటుకుందంటే ఇక గంజి లేదు. నీళ్ళముంత పక్కనే పెట్టుకుంది. మంట లోపలంతా నాకింది. చెక్క మాడువన్నె తిరగగానే ఆర్పి, బొగ్గు గీకి, చెయ్యి పెట్టి చూసింది. నున్నగా ఉంది. ఆయన గాటు ఒక్కటీ వేళ్ళకు తగల్లేదు. ఏమనుకుందో ఏమో, చెయ్యి తీసి, దుంగను మళ్ళీ చూరుకు కట్టింది.

మైనం లేదు కదా, ఈగలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చి, ఉండిపోయాయి.

మరుసటేడు గూడెంలో ఈగలు మోగే చూరు అదొక్కటే. ముందుగా గంగులమ్మే వచ్చింది.

"అక్కా, నాకో ఈగల గుంపు ఇయ్యవూ?"

"నీ దుంగ కాల్చావా?"

"మామ తొలిచిన దుంగక్కా అది."

"నాకూ మామేగా. కాల్చి రా."

గంగులమ్మ వెళ్ళి, కాల్చి వచ్చింది. ఆ వెనక ఇంటికొకరు అలాగే వచ్చారు, అలాగే వెళ్ళారు, అలాగే కాల్చి వచ్చారు.

కొన్నాళ్ళకు అసిరమ్మా పోయింది. పిల్లల్లేరు. గుడేమీ కట్టలేదు.

కానీ ఆ కొండల్లో ఇప్పటికీ మనిషి పోతే, ఆ మనిషి దుంగను లోపల కాల్చాకే మళ్ళీ చూరుకు కడతారు. ఎవరు పడితే వాళ్ళు కాల్చరు. ఎక్కువ ఏడ్చినవాళ్ళ చేతికే గడ్డిచుట్ట ఇస్తారు. ఆ చెయ్యి ఆగిపోతే, పక్కనున్నవాళ్ళు తొందరపెట్టరు. "అసిరమ్మ కాల్చలేదూ?" అంటారు. అంతే.