గడప కోసిన కారు

ఏసోబు మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. దగ్గరలో ఉన్న పని చూపించి "ముందు అది పట్టుకో" అంటాడు. పట్టుకున్నవాడికి కొన్నాళ్లకి జవాబు దొరుకుతుంది, లేదా ఏం అడిగాడో మరిచిపోతాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డుకి నేను ఏడేళ్లుగా వెళుతున్నాను. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంట్లో పొద్దుపోక, అక్కడి చెక్కబల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటాను. ఈ కథలో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచుకోకుండా చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఈసారి ఆయన్ని అడిగినవాడు నాంచారయ్య. నలభై రెండేళ్ల మనిషి. పద్దెనిమిదేళ్లు లారీలకి బాడీలు కట్టి, కార్ల పని కూడా నేర్చుకుందామని ఏసోబు దగ్గర చేరాడు. చెయ్యి మంచిది, నోరే మంచిది కాదని అందరూ అనేవారు. తుప్పుపట్టిన రేకు మీద లప్పం పూసి రంగెయ్యమన్న ఒక వ్యాను యజమానిని "ఇందులో నీ పిల్లల్ని ఎక్కిస్తావా?" అని అడిగి, అతను నసిగేసరికి షెడ్డు గుమ్మం దాకా తిట్టుకుంటూ సాగనంపాడు. కారుతున్న బ్రేకు పైపుకి టేపు చుట్టి పంపమన్న ఇంకొకాయన తాళాలు తీసి రోడ్డు మీదికి విసిరాడు. ఇలాంటివాడికి నీతులు చెప్పేవాళ్లు కరువా? బావమరిది చెప్పాడు. బీపీ చూసిన డాక్టరు చెప్పి, కోపమొస్తే ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నాడు. నేనూ చెప్పాను. పేదవాడి కోపం పెదవికి చేటు అన్నాను. ఆ సామెత ఎవరు కట్టారో తెలియదు గానీ, పేదవాడు మాత్రం కట్టి ఉండడు.

ఒకనాడు టీ తాగుతూ నాంచారయ్య ఏసోబుని అడిగాడు. "గురువుగారూ, ఈ కోపం నన్ను బతకనిచ్చేలా లేదు. ఇంట్లో ఆడమనిషి కూడా నాతో మాట్లాడాలంటే జంకుతోంది. దీన్ని మొదలంటా కోసి పారేసే ఉపాయం ఏదన్నా ఉంటే చెప్పండి."

ఏసోబు టీ గ్లాసు కింద పెట్టి, షెడ్డు మూల పేర్చి ఉన్న చెక్కపెట్టెల వైపు చూపించాడు. "ముందు అవి విప్పు" అన్నాడు.

ఆ పెట్టెలు కోల్డ్ స్టోరేజీల జగదీశ్‌బాబువి. ఆయనకి టాపు లేని, రెండు సీట్ల కొత్తరకం కారు ఒకటుంది. పరుగుకి మంచిదే గాని చూపుకి ఆయనకి ఆనలేదు. డెబ్భై ఏళ్ల కిందటి పందెం కార్లంటే ఆయనకి పిచ్చి. పొడుగాటి ముక్కు, గుండ్రటి లైట్లు, బానెట్ మీద తోలు బెల్టు, తలుపు మీద తెల్లటి సున్నాలో ఒక నంబరు. అలాంటి ఒంటిని ఫైబరుతో చేసి ముక్కలుగా అమ్మేవాళ్లు విదేశాల్లో ఉన్నారు, పెట్టెల్లో వచ్చినవి ఆ ముక్కలే. కొత్త కారు పైరేకులన్నీ ఊడదీసి, ఇంజనూ చక్రాలూ అడుగూ అలాగే ఉంచి, పైన ఈ పాతకాలపు ఒళ్లు తొడగాలి. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటగానే అనిపించింది.

ఆ పని నాంచారయ్య చేసిన తీరు చూడాలి. ఊడదీసిన ప్రతి వైరుకీ గుడ్డపేలిక కట్టి, ఎక్కడిది ఎక్కడికో గుర్తు పెట్టాడు. బోల్టుల్ని డబ్బా మూతల్లో వరసగా పెట్టాడు. ముందు ముక్కు పెట్టి చూసి, తీసి, అరగదీసి, మళ్లీ పెట్టి, పది రోజుల్లో బండికి ఒక రూపం తెచ్చాడు. ఆ పది రోజులూ ఒక్కరి మీదా నోరు పారేసుకోలేదు. ఎప్పుడన్నా పెదవులు కదిలితే లెక్కపెట్టుకుంటున్నాడని మాకు తెలిసేది.

పదకొండో రోజున ఏసోబు చెల్లెలికి కంటి ఆపరేషనని గుడివాడ వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే జగదీశ్‌బాబు ఒక ఫొటో పట్టుకుని దిగాడు. అందులో పందెం కారు నడిపేవాడు నేలకి ఆనుకున్నట్టు కూర్చుని, మోచెయ్యి తలుపు మీద నుంచి బయటికి పెట్టి నవ్వుతున్నాడు.

"నాకిలా కావాలి. తలుపు కిందికి దిగాలి, సీటూ దిగాలి" అన్నాడు జగదీశ్‌బాబు. తలుపు కింద ఉన్న ఇనప పెట్టెని బూటుతో తన్నాడు. "ఎక్కేటప్పుడల్లా కాలికి అడ్డం వస్తోంది ఇది. ఇంత లావు దేనికయ్యా? కోసెయ్."

ఆ పెట్టెని మా షెడ్డులో గడప అంటారు. తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు వైపులా ఉంటుంది. మామూలు కారులో పైనున్న టాపు కూడా బరువులో తన వాటా మోస్తుంది. టాపు లేని కారులో ఆ పని కూడా గడపల మీదే పడుతుంది. అందుకే వాటిని అంత లావుగా చేస్తారు. ఈ మాట నేను ముప్పై ఏళ్లపాటు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

నాంచారయ్యది లారీ చెయ్యి. లారీ కింద ఛాసిస్ ఒకటి వెన్నెముకలా ఉంటుంది. దాని మీద కట్టిన బాడీని ఎక్కడ కోసినా లారీ నిలబడుతుంది. కారుకీ కింద ఏదో ఉంటుందిలే అనుకోవడం ఆ చేతికి అలవాటు. అయినా వేలి కణుపుతో గడప మీద కొట్టి చూశాడు. మోత దిట్టంగా వచ్చింది. అతని మొహం నల్లబడింది. మెడ నరాలు పొంగాయి. ఏదో తప్పని ఆ చేతులకి తెలిసింది, ఎందుకు తప్పో నోటికి తెలియలేదు. ఇక తాళాలు రోడ్డు మీద పడతాయని మేమంతా చూస్తున్నాం.

నాంచారయ్య కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. కళ్లు తెరిచి నవ్వాడు.

"అలాగే సార్" అన్నాడు.

"ఇన్నాళ్లకి మనిషివయ్యావు" అని జగదీశ్‌బాబు అతని భుజం తట్టాడు. నేను పేపరు మడిచి "శభాష్ నాంచారయ్యా" అన్నాను. గడప వంక చూడలేదు, అతని నవ్వు వంకే చూశాను. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం ఆ పూట నాకు గుర్తు రాలేదు. మధ్యాహ్నం నుంచి గ్రైండరు మోత వినిపిస్తుంటే, మనిషి బాగుపడ్డాడని సంతోషిస్తూ కూర్చున్నాను. ఆ శభాష్ తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం ఏసోబు తిరిగొచ్చాడు. ఆదివారం పాతకార్ల వాళ్లంతా కలిసి బందరు దాకా ఊరేగింపుగా వెళుతున్నారు. జగదీశ్‌బాబు భార్య పద్మజగారిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద దూసుకుపోవాలని ఉబలాటపడుతున్నాడు. ఆవిడ సీటు చూసుకోవడానికి ఆ రోజు తనూ వచ్చింది. బండి ఎర్రగా, తలుపు మీద పదిహేడో నంబరుతో, పెళ్లికొడుకులా నిలబడి ఉంది.

ఏసోబు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు వెనకంచు సందులో వేలు పెట్టి పైకి జరిపాడు. కింద వేలు పట్టింది, పైన గోరే పట్టింది. వంగి గడప చూశాడు. రెండు వైపులా నాలుగంగుళాల మేర పైభాగం లేదు. కోసినచోట పల్చటి రేకు మూత వేసి ఉంది.

"ఎవరు కోశారు?"

"నేనే గురువుగారూ" అన్నాడు నాంచారయ్య.

"నేనే కొయ్యమన్నాను మేస్త్రిగారూ" అన్నాడు జగదీశ్‌బాబు. "మీవాడు బంగారమండీ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు."

ఏసోబు దవడ బిగుసుకుంది. ఏడేళ్లలో ఆయన మొహం అలా చూడటం అదే మొదలు. కాని గొంతు పెంచలేదు.

"నాంచారయ్యా, తలుపు వెయ్యి" అన్నాడు. వేశాడు. చక్కగా పడింది.

"తీసి లోపల కూర్చో. ఇప్పుడు వెయ్యి."

తలుపు పైమూల లాక్ దగ్గర కొట్టుకుని ఆగిపోయింది. నాంచారయ్య మళ్లీ లాగాడు. పడలేదు.

"దిగు."

దిగాడు. ఏసోబు చూపుడువేలితో నెట్టాడు. తలుపు టక్కున పడింది.

"మళ్లీ కూర్చో. అమ్మా, మీరూ అటువైపు కూర్చోండి."

ఇద్దరూ కూర్చున్నాక రెండు తలుపుల్లో ఏదీ పడలేదు. షెడ్డులో సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బండి నిలబడిన చోటే, కదలకుండా, మనుషుల బరువుకి నడుం దగ్గర వంగుతోంది. నాంచారయ్య తలుపు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

జగదీశ్‌బాబు నవ్వాడు. "దీనికింత హంగామా ఎందుకు? తలుపు మూల కాస్త అరగదియ్యండి, పడుతుంది. ఆదివారం అయిపోయాక మిగతాది తీరిగ్గా చూద్దురుగాని. ఏవయ్యా నాంచారయ్యా, అంతేగా?"

నాంచారయ్య పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు దాకా నేను లెక్కపెట్టాను. అక్కడ ఆగిపోయాయి. అతను పక్క సీట్లో కూర్చున్న ఆవిడ వంక చూశాడు.

"అమ్మా, మీరు దిగండి" అన్నాడు. ఆవిడ దిగింది. తనూ దిగాడు.

"సార్, ఆవేళ మీరు దీన్ని తన్ని కొయ్యమన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. నవ్వేసి ఊరుకున్నాను. తప్పు నాది. నా చేత్తో కోశాను, నా చేత్తోనే అతుకుతాను. అప్పటిదాకా ఈ బండి గుమ్మం దాటదు."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? లారీలకి రేకులు కొట్టుకునేవాడివి, నాకు చెబుతావా? ఇంకో షెడ్డుకి తోలుకుపోతాను."

"తోలుకుపోండి చూద్దాం" అన్నాడు నాంచారయ్య. ఆ గొంతుకి పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. "ఇది రోడ్డు మీద గుంటలో పడిన నాడు విరిగేది బండి కాదు, ఆ అమ్మ నడుం. ఊరేగింపు కావాలా మీకు? మోచెయ్యి బయటపెట్టుకుని ఫొటో దిగాలా? అయితే సైకిలెక్కి దిగండి."

అని, మొదట రెండు గడపల కిందా చెక్కదిమ్మలు సర్ది, బండికి ఇంకే దెబ్బా తగలకుండా జాకీతో ఎత్తి, ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు. వాటిని దొర్లించుకుపోయి మూల ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద కూర్చున్నాడు. అంత కోపంలోనూ దిమ్మలు పెట్టడం మరవలేదని నేను గమనించాను. కొయ్యమన్నప్పుడు నవ్విన రోజున ఆ జాగ్రత్త కూడా లేదు.

జగదీశ్‌బాబు ఏసోబు వంక తిరిగాడు. "ఏం మేస్త్రిగారూ, మీవాడికి మీరైనా చెప్పరా?"

"వింటున్నానండి" అన్నాడు ఏసోబు.

పద్మజగారు చున్నీ సర్దుకుని, "నేను ఆటోలో పోతాను" అని భర్త కోసం ఆగకుండా బయటికి నడిచింది. ఆయన ఇంకాసేపు అరిచాడు. చక్రాల్లేని బండిని ఎవరూ తోలుకుపోలేరు గనక, చివరికి తనూ వెళ్లాడు. ఆదివారం ఊరేగింపు ఆయన లేకుండానే సాగింది. ఆ తర్వాత మూడు వారాలకి, గడపలు మళ్లీ అతికాక, ఇద్దరు కూర్చున్నా తలుపులు వేలితో పడుతున్నాక వచ్చి బండి తీసుకెళ్లాడు. మోచెయ్యి బయటికి రావడం లేదని సణిగాడే తప్ప ఇంకో మాట అనలేదు. జగదీశ్‌బాబు మీద నా కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు. కోపం తగ్గించుకోమనే మాట ఎవరు ఎవరికి చెబుతున్నారో అప్పటినుంచి జాగ్రత్తగా చూస్తున్నాను. బూటు ఉన్నవాడికి ఎవరూ చెప్పడం లేదు.

ఆ శుక్రవారం, అందరూ వెళ్లిపోయాక, నాంచారయ్య ఇంకా చక్రాల మీదే కూర్చుని ఉన్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చి, "నేను అక్కడే ఉండీ చెప్పలేదు నాంచారయ్యా, ఆ పాపంలో సగం నాది" అన్నాను. అతను తలూపాడు, క్షమించినట్టు కాదు.

ఏసోబు కోసిన గడప దగ్గర గొంతుకూర్చుని పల్చటి రేకు మూత ఊడదీస్తున్నాడు. నాంచారయ్య లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.

"గురువుగారూ, మళ్లీ అదే కోపం వచ్చేసింది. కోసి పారేసే ఉపాయం అడిగాను మిమ్మల్ని. ఇన్ని రోజులయినా మీరు చెప్పనేలేదు."

ఏసోబు కోసిన అంచు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు.

"దీన్ని ఎందుకు కోశావు?"

"ఎక్కడానికి అడ్డంగా ఉందన్నారు."

ఏసోబు లేచి, గోడకి వేలాడుతున్న వెల్డింగు అద్దం తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఎక్కేవాడికి గడప ఎప్పుడూ అడ్డమేరా" అన్నాడు.