ఏడు గాట్లు

తనకు తెలియని ముద్ర లేదని రాజలింగం ధీమా. పాత పటాలం తుపాకుల కట్టెభాగం బాగుచేసే జహీర్ ఉస్తాద్ దగ్గర మూడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. కిరీటం గుర్తు చూసి ఏ ఫ్యాక్టరీదో, పక్కనున్న అంకెలు చూసి ఏ ఏడాదిదో టకీమని చెప్పేవాడు.

ఆ రోజు, మ్యూజియం బాగుచేయమని పంపిన ఒక రైఫిల్‌ను వెతుక్కుంటూ ఐలవ్వ అనే ముసలామె దుకాణానికి వచ్చింది. చేతిలో తండ్రి సిపాయి పుస్తకం. అందులోని నంబరూ, రైఫిల్ కట్టె మీద కొట్టిన నంబరూ ఒకటే.

ఐలవ్వ ఆ కట్టె మీద చెయ్యి వేసి నిమిరింది.

"మీ నాయనదే అవ్వా!" రాజలింగం పొంగిపోయాడు. "ఇదిగో, ఇది పటాలం ముద్ర. ఇది తనిఖీ చేసినోళ్ల ముద్ర. ఇగ ఇవి చూడు..." కట్టె అడుగున కత్తితో కోసిన ఏడు గాట్లు చూపించాడు. "గాటుకొకడు, ఏడుగురిని లేపేసిండు మీ నాయన. మ్యూజియంల దీని పక్కన పెట్టే చీటీల అదే రాసిన."

ఐలవ్వ చెయ్యి తీసేసింది.

"మా నాయన పండుగకు కోడిని గూడ కొయ్యకపోతుండె, బిడ్డా."

"ఇంట్ల వేరు, లడాయిల వేరు. గాట్లు అబద్ధం చెప్తయా?"

ఉస్తాద్ లేచి వెళ్లి శిష్యుడి ఉలి తెచ్చాడు. ఆ దుకాణంలో పనిముట్లు కలిసిపోకుండా ఎవరి పిడి మీద వాళ్లు గాట్లు పెట్టుకుంటారు. రాజలింగానివి నాలుగు.

ఉలిని ఐలవ్వకు చూపించాడు ఉస్తాద్. "చూడమ్మా, మావోడు నలుగురిని చంపిండు."

"అయ్యో ఉస్తాద్, అవి..." నవ్వబోయిన రాజలింగం మధ్యలోనే ఆగిపోయాడు.

చీటీ అందుకుని, రాసిన వాక్యం కొట్టేశాడు.

"మరి అవి ఏం గాట్లు, బిడ్డా?" అడిగింది ఐలవ్వ.

రాజలింగం కట్టెను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"తెల్వదవ్వా," అన్నాడు చివరికి. "తెల్వదనే రాస్త."

"అట్లనే రాయి."

ఉస్తాద్ తన చాప మీద కూర్చుని, పక్కకు జరిగి రాజలింగానికి చోటిచ్చాడు. మూడేళ్లలో ఆ చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు.

"రా," అన్నాడు. "ఇగ నేర్చుకునుడు మొదలువెడదాం."