నూకాలమ్మకి పట్టిన తుప్పు

గుమ్మాలపేట మూడు రోడ్ల కూడలిలో ఉన్న సైకిలు షాపు, గవరయ్య, పోలినాయుడు, తాతబ్బు అనే అన్నదమ్ములది. ఊళ్ళో ఉన్న తెలివంతా తాము ముగ్గురూ పంచేసుకున్నామని, పాపం మిగతావాళ్ళకి ఏమీ మిగల్లేదని వాళ్ళ గట్టి నమ్మకం. షాపుకి బోర్డు రాయమంటే పెయింటరు వేళాకోళానికి ‘ఇచ్చట బుద్ధి తప్ప అన్నీ బాగుచేయబడును’ అని రాసిపెట్టాడు. పెద్దవాడు గవరయ్య దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, మన బుద్ధికి రిపేరు అక్కర్లేదని బయటివాడికి కూడా తెలిసిపోయిందిరా అని మురిసిపోయాడు. పెయింటరుకి టీ ఇప్పించాడు, బన్ను కూడా.

వీళ్ళకి ఒక అక్క. పేరు నూకాలమ్మ. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే, తన పెళ్ళి ఊసెత్తకుండా ముగ్గుర్నీ సాకింది. ఆవిడ పుణ్యమా అని ముగ్గురూ పెద్దవాళ్ళయ్యారు. బుద్ధి సంగతి ఆవిడ చేతిలో లేదు. ఆవిడకి అరవై దాటాయి. ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి మోకాళ్ళు పట్టేశాయి. పీట మీంచి లేచినప్పుడల్లా కీళ్ళు కిర్రుమనేవి. ఆ చప్పుడు వినబడితే చాలు, షాపులో ఉన్న తమ్ముళ్ళ ప్రాణం చివుక్కుమనేది. అక్క మంచాన పడితే ఉప్పు డబ్బా ఏదో కారం డబ్బా ఏదో కూడా తెలీదు వాళ్ళకి.

సరిగ్గా అప్పుడే, మెడకి టై కట్టుకున్న మనిషొకడు చేతిలో సంచీతో బస్సు దిగాడు. నేరుగా వీళ్ళ షాపుకే వచ్చాడు. ఇలాంటివాళ్ళకి ఎక్కడ దిగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సంచీలోంచి మాత్రల డబ్బా తీసి, ఇనుముకి తుప్పు పట్టించే ఆక్సిజనే మన ఒంట్లో కూడా తుప్పు పట్టిస్తుందని చెప్పాడు. ఫ్రీ రాడికల్స్ అనేవి ఒళ్ళంతా తిరుగుతూ లోపల్లోపల కొరికేస్తాయిట. ఈ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు పూటకొకటి మింగితే వాటి పీడ విరగడై మనిషి నిగనిగలాడుతూ నూరేళ్ళుంటాడుట.

కిర్రుమనే చప్పుడు తుప్పు వల్లే వస్తుందని సైకిలు షాపువాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? గవరయ్యకి ఒక్కటే అనుమానం వచ్చింది. అవి ఫ్రీ అంటున్నప్పుడు మళ్ళీ డబ్బులెందుకని అడిగాడు. ఫ్రీగా వచ్చేది జబ్బు, మందు కాదు అన్నాడు టై మనిషి. ఆ మాట ముగ్గురికీ ఎంతో న్యాయంగా కనిపించింది. ఇంకేముంది, షాపులో ఉన్న కొత్త ఎర్ర సైకిలు అతని చేతికిచ్చి డబ్బా పుచ్చుకున్నారు. అతను బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నడిపివాడు పోలినాయుడు చెవికి యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట ‘యాంటీ యాక్సిడెంట్’ అని వినబడింది. యాక్సిడెంట్లు రానివ్వని మాత్రన్నమాట అనుకున్నాడు. రెండు మింగి, సైకిలుకి ఇక దండగని బ్రేకులు ఊడదీసి, వంతెన మీంచి కిందకి వదిలాడు. కింద కుండల బండి వెళ్తోంది. అంతే. దాన్ని గుద్ది పడ్డ కాలవలోంచి పైకి లాగినప్పుడు అతను డబ్బా అడిగి చదివించుకున్నాడు. భోజనం తర్వాత వేసుకోవాలని దాని మీద ఉంది. చూశారా, పరగడుపున వేసుకున్నాను, తప్పు నాదే గానీ మందుది కాదన్నాడు. అన్నదమ్ములిద్దరూ అతని న్యాయబుద్ధికి తలలూపారు.

నూకాలమ్మ మాత్రం మాత్ర చూసి మొహం చిట్లించింది.

“నాకు తుప్పేట్రా? నానేటన్నా రేకు డబ్బానా?”

తమ్ముళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళ ఏడుపు చూడలేక మింగింది. వారం మింగింది. మోకాళ్ళు మునుపటిలాగే కిర్రుమన్నాయి.

అందరికంటే తెలివైనవాడు చిన్నవాడు తాతబ్బు. దేన్నైనా పరీక్ష చేసి గానీ నమ్మనన్నాడు. డబ్బా మీద ‘నోటి ద్వారా మాత్రమే’ అని ఉంది. తుప్పు పట్టిన పాత సైకిలుకి నోరెక్కడా అని పూటంతా వెతికి, హ్యాండిలు గొట్టం చివర కన్నం చూసి, ఇదే నోరని తేల్చాడు. అందులో పది మాత్రలు పోసి, గొంతు దిగడానికి చెంబుడు నీళ్ళు కూడా పోశాడు. వారం తర్వాత చూస్తే ఉన్న తుప్పు ఉండగా కొత్త తుప్పు పుట్టింది.

ఇంకొకళ్ళయితే మందు పనిచెయ్యలేదు అనుకునేవాళ్ళు. అంత తేలిగ్గా నిజం ఒప్పేసుకుంటే అది తెలివెలా అవుతుంది? మందు పనిచేస్తోందిరా, నీళ్ళే చెడగొడుతున్నాయి అన్నాడు తాతబ్బు. అంతే, ఆ పూట నుంచి అక్కకి స్నానం బందు. మంచినీళ్ళు బందు. మజ్జిగలో కూడా నీళ్ళుంటాయని అదీ బందు. మాత్ర కూడా ఒట్టి గొంతుతోనే మింగమన్నారు.

మర్నాటికి నూకాలమ్మకి కళ్ళు తిరిగాయి. తుప్పు మెదడుకెక్కిందని ముగ్గురూ హడలిపోయారు. నీళ్ళొక్కటే ఆపితే చాలదు, గాలి కూడా తగలకూడదని కిటికీలు మూశారు. అక్కా, అవసరమైతే తప్ప ఊపిరి తియ్యకు అని గవరయ్య చేతులు పట్టుకుని బతిమాలాడు. ఆవిడ తిట్టబోయింది. మాటకి కూడా గాలి కావాలని నోటికి గుడ్డ అడ్డం పెట్టాడు పోలినాయుడు.

మూడోనాడు గ్రీజు డబ్బా ఇంట్లోకొచ్చింది. కొత్త చైను పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉంటుంది? గ్రీజులో మునిగి ఉంటుంది. అక్కకి అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా పట్టించారు. ఆవిడ ఓపిక నశించి, వీళ్ళని కొట్టడానికి చీపురందుకుని ఒక్క ఉదుటున లేచింది. అంతే, వసారాలో కాలు జారి, మెట్లు జారి, గుమ్మం దాటి, వీధిలోకి జారుకుంటూ పోయి ఎదురుగా ఉన్న ఇడ్లీ కొట్టు బల్లకి కొట్టుకుని ఆగింది. చూశారా ఎంత స్మూత్‌గా పోతోందో అని తాతబ్బు సంబరపడ్డాడు. అక్క మళ్ళీ లేవలేదు. అప్పుడు ఆగింది సంబరం.

ఇడ్లీ కొట్టు వరహాలు గబగబా వచ్చి నూకాలమ్మ నోట్లో గ్లాసుడు నీళ్ళు పోసింది. అక్క చచ్చిపోద్దేమో అని ముగ్గురూ రోడ్డు మీద కూలబడి ఏడుస్తుంటే, ఏడుపు తర్వాత, ముందు ఆస్పత్రికి పదండని కసిరింది. సైకిలు క్యారియరు మీద కూచోబెడితే గ్రీజుకి మూడుసార్లు జారింది. చివరికి వరహాలు గోనెసంచి చుట్టబట్టి నిలిచింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సెలైను పెట్టించింది. ఎముకలేవీ విరగలేదంది. తర్వాత, జరిగిందంతా విని కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వు ఆపుకోవడానికో, తిట్టు ఆపుకోవడానికో తెలీదు. అప్పుడు నెమ్మదిగా చెప్పింది.

“చూడండి. ఈ మందుని ల్యాబులో, గాజులో పెట్టి పరీక్ష చేస్తే బాగానే పనిచేస్తుంది. ఒంట్లోకి వెళ్ళాక కథ వేరు. పేగుల్లో కొంత, కాలేయంలో కొంత మారిపోతుంది. రక్తంలోకి చేరేది తక్కువ, చేరినదాంట్లో చాలామటుకు ఉచ్చలో పోతుంది. ఆ ఫ్రీ రాడికల్స్ నుంచి కాపలా కాయడానికి ఒంట్లో సొంత ఏర్పాటు ఉంది. వేలమందికిచ్చి చూశారు, ఈ మాత్రలు మింగినవాళ్ళు మింగనివాళ్ళకంటే ఎక్కువ బతికిందేమీ లేదు. కొన్ని రకాలు ఎక్కువ మింగితే చెడు కూడా చేస్తాయి.”

మరి అక్క మోకాళ్ళ మాటేమిటని గవరయ్య అడిగాడు. అది తుప్పు కాదు, వయసు అందావిడ. ఆకుకూరలు, పళ్ళు తినమంది. నీళ్ళు తాగి, రోజూ కాస్త నడవమంది. నూకాలమ్మ ఆ మాటలు చెవిన వేసుకుంది. తమ్ముళ్ళు మాత్రం ఒక్క ముక్క పట్టుకున్నారు. బయటికి రాగానే గవరయ్య ఇద్దర్నీ పక్కకి పిలిచాడు.

“విన్నార్రా? మందు ఒంట్లో పనిచెయ్యదంట. గాజులో అయితే బాగా పనిచేస్తదంట. మనం అనవసరంగా మింగించాం.”

ఇంకేముంది, గాజుల కొట్టుకి పరిగెత్తారు. పన్నెండు డజన్ల మట్టిగాజులు తెచ్చి, మిగిలిన మాత్రలు నూరి, బంక కలిపి, ఒక్కో గాజుకీ పూసి ఆరబెట్టారు. అక్క చేతులకి మోచేతుల దాకా ఎక్కించారు. మోకాళ్ళకి ఎక్కించబోతే మడమ దాటలేదు. మింగమనడం లేదు కదా, గాజులే కదా అని నూకాలమ్మ ఊరుకుంది. పొద్దున్నే గలగలలాడుతూ చెరకు తోటల దాకా నడిచొచ్చేది. తోటకూరో పాలకూరో వండుకుని కడుపునిండా తినేది. వీళ్ళకి కనబడకుండా వరహాలు కొట్లో చెంబులకి చెంబులు నీళ్ళు తాగేది. రెండు వారాలకి మనిషి తేరుకుంది, మోకాళ్ళు కూడా కాస్త లొంగాయి.

గాజుల మహిమకి తమ్ముళ్ళు పొంగిపోయారు. అక్కకి పట్టింది రేపు మనకీ పట్టదా, వచ్చాక ఏడవడమెందుకు, ముందే జాగ్రత్త పడదామన్నాడు తాతబ్బు. అంతే, ముగ్గురూ మోచేతుల దాకా గాజులు ఎక్కించుకుని, షాపు ముందు బల్ల మీద వరసగా కూచున్నారు. గాజులు చిట్లిపోతాయని పంక్చర్లు వెయ్యడం కూడా మానేశారు.

వరహాలు ఇడ్లీ పొయ్యి దగ్గర్నుంచి ఇదంతా చూసి చూసి, ఉండబట్టలేక రోడ్డు దాటి వచ్చింది.

“ఏటి గవరయ్యా, చేతినిండా గాజులు, శ్రీమంతమేటి? ఎన్నో నెల?”

గవరయ్య తొందరపడే మనిషి కాదు. తెలిసినా తెలియకపోయినా సరిచూసుకుని చెప్పడం అతని పద్ధతి. వెనక్కి తిరిగి, గోడ మీద క్యాలెండరు చూశాడు. జనవరి నుంచి జులై దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

“ఏడో నెల వరహాలూ,” అన్నాడు. “మా ముగ్గురికీ ఏడో నెలే.”