వేళ్ళమ్మ మిట్ట మీద వాలిన చెయ్యి

ఈ కథను మొదట చెప్పినది కుమ్మరి ఈరమ్మవ్వ. ఆమె చెప్పినది చెప్పినట్టే ఇక్కడ వ్రాయడమైనది. తోచినది కలిపినవాళ్ళు వేరే ఉన్నారు.

దేవరగుట్టపల్లెకు పడమరన, జొన్నచేల నడుమ వేళ్ళమ్మ మిట్ట ఉన్నది. గుడికి గోపురం లేదు, అమ్మకు ముఖం లేదు. రాతి మీద పక్కకు వాలిన ఒక ఆడచెయ్యి, అంతే.

పూర్వం ఇక్కడ వడ్ల ఉలిగప్ప అనే వడ్రంగి, భార్య తిప్పక్కతో కాపురముండేవాడు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు దున్నే మడక వెనుక నడుస్తూ చేత్తోనే విత్తేవారు. తిప్పక్క పిడికిట్లోని గింజలు వేళ్ళ సందుల్లోంచి జారి, పేర్చినట్టు పడేవి. ఆమె విషజ్వరంతో పోయింది. మరుసటి వానకు ఉలిగప్ప ఒంటిగా దున్నుతూ, వెనుక గాజుల చప్పుడు లేక సగం సాలులో ఆగిపోయినాడు.

ఇంటికి వచ్చి ఒక చెక్కగిన్నె తొలిచినాడు. అడుగున మూడు బెజ్జాలు పెట్టి, వెదురు గొట్టాలు తగిలించినాడు. గింజ పోస్తే మూడు సాళ్ళలో పడింది. అదే జడ్డిగం. "ఎక్కడ చూసినావప్పా?" అని ఊరు అడిగితే, "నా తలలో పుట్టింది" అనేవాడు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు గనుక ఆ మెప్పుతోనే పొద్దు పుచ్చేవాడు.

పక్క పల్లె మోనప్ప దాన్ని చూసిపోయి తానొకటి చేసినాడు. బెజ్జాలను ఏటవాలుగా తొలిచినందున తేమ గింజయినా ఇరుక్కోలేదు. జనమంతా అటే పోయినారు. ఉలిగప్ప వాణ్ణి సంతలో నిలదీసినాడు.

"నా బిడ్డను ఎత్తుకపోయి, బొట్టు మార్చి నీ బిడ్డంటావా రా?"

"నీ బిడ్డకు మింగింది గొంతులోనే నిలబడతాది మామా. నా బిడ్డ కడుపునిండా తింటాది."

సంతంతా నవ్వింది.

ఉలిగప్ప ఈ మిట్టకు వచ్చి, అప్పటికింకా పేరులేని అమ్మ రాతి ముందు పస్తు పడుకున్నాడు. "దొంగెవరో చెప్పు తల్లీ, చెప్పందే లేవను" అన్నాడు. మిట్టమధ్యాహ్నం కన్ను మూతపడగా కలలో ఒక చెయ్యి కనబడింది. గింజలు జారుతున్నాయి. "వాడు నీ దగ్గర చూసినాడు. నువ్వెవరి దగ్గర చూసినావు?" అని అమ్మ అడిగింది.

ఆ వేళ్ళు తిప్పక్కవి. సందులు మూడు. తేమ గింజ అయినప్పుడు ఆమె చెయ్యి పక్కకు వాల్చేది. కాపురం చేసినన్నాళ్ళూ తాను గమనించని ఆ వాలును, ఆమెను ఎరగని మోనప్ప చెక్కలో పట్టినాడు. ఆమె పోయిననాడు రాని ఏడుపు ఉలిగప్పకు అప్పుడు వచ్చింది. చూడడానికి ఎవరూ లేరు.

చెక్క ఉలితోనే రాతి మీద ఆ చెయ్యి చెక్కి, మోనప్పను పిలిపించి చూపినాడు. "సందులు తిప్పక్కవి. వాలు నీదే."

"మరి నీదేముంది మామా?"

"చెక్క."

నేటికీ కొత్త పనిముట్టు చేసినవారు, అది మందు కొట్టే పంపయినా సరే, ఇక్కడికి తెచ్చి, రాతి చేతిలో గింజలు పోసి, ఎవరి దగ్గర ఏమి చూసినారో పేరుతో చెప్పుకోవలెను. "అంతా నా సొంతమే" అన్నవారికి పూజారి తీర్థమివ్వడు. చెప్పుకున్నవారి చేను ఎడం లేకుండా మొలుస్తుంది.

అయితే మోనప్ప వంశంవాళ్ళు నిరుడు దారిలో రేకు బోర్డు పెట్టి, "జడ్డిగం కనిపెట్టిన మోనప్ప" అని వ్రాయించినారు. అక్షరం బాగా వచ్చిన భక్తులెవరైనా పూనుకొని, ముందు తిప్పక్క పేరు, తర్వాత మిగిలిన ఇద్దరి పేర్లు వ్రాయించి, ఆ బోర్డును దిద్దించవలెనని ప్రార్థన.